గానుగ పెట్టుటకు ముందు: స్ప్రెడ్‌షీటులో పన్నెండు నెలల లెక్క

కర్నూలు జిల్లాలో తుంగభద్ర ఒడ్డుననున్న మంత్రాలయమునకు ఏడాది పొడవునా యాత్రికులు వచ్చుచుందురు. 1671లో శ్రీ రాఘవేంద్రస్వామి బృందావన ప్రవేశము చేసిన తిథియగు శ్రావణ బహుళ విదియకు జరుగు ఆరాధనోత్సవములలో ఊరంతయు జనమే. ఊరు చిన్నది, వంట పెద్దది. చుట్టునున్న మెట్ట గ్రామములలో వేరుశనగ, ప్రత్తి, జొన్న, మిరప పండును. కాయ ఇక్కడనే పండుచున్నది, నూనె ఇక్కడనే ఖర్చగుచున్నది. నడుమ గానుగ ఒకటి మనమే పెట్టుకొన్ననేమి అని పొదుపు సంఘములలోని మహిళలు ఆలోచించుట సహజము. ఇట్టి పనులకు ఈ జిల్లా మహిళలు కొత్తవారు కారు. 1990 దశకమున ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము తోడ్పాటుతో ఓర్వకల్లు మండలమున బలపడిన పొదుపు సంఘములు రాష్ట్రము వెలుపల కూడ పేరు పొందినవి.

అయితే యంత్రమునకు అప్పు కోరునప్పుడు బ్యాంకునకు సమర్పించు కాగితములలో సాధారణముగా సంవత్సరపు ఆదాయమును ఒక వైపు, వ్యయమును ఒక వైపు వ్రాసి, మిగులు చూపి సంతకములు పెట్టుదురు. మెట్ట ప్రాంతమున ఈ పద్ధతి చాలదు. కాయ మూడు నెలలలో చేతికి వచ్చును. నూనెను పన్నెండు నెలలు అమ్మవలెను. వాయిదాలు ముప్పదియారు నెలలు కట్టవలెను. ఈ మూడు కాలములను ఒక్క మొత్తముగా కూడినచో ఏ నెలలో సంఘము చేతిలో పైకము ఉండదో కనబడదు. సంఘపు అప్పునకు సభ్యులందరును పూచీదారులు గనుక ఒక్క తప్పు అంచనా వలన గానుగతో సంబంధము లేని సభ్యురాలి పొదుపునకు కూడ ముప్పు వచ్చును.

ఒక ఉదాహరణము తీసికొందము. ఇందలి అంకెలు నమూనాకు మాత్రమే అనుకొన్నవి. మీ ఊరి అంకెలు వేరుగా నుండును. కాయ ఒలుచు యంత్రము, గానుగ, షెడ్డు కలిసి రూ. 6,00,000 అప్పు. వడ్డీ సంవత్సరమునకు నూటికి 12, అనగా నెలకు నూటికి రూపాయి. ముప్పదియారు సమాన వాయిదాలైనచో ఒక్కొక్క వాయిదా రూ. 19,929. గానుగ నెలకు 30 క్వింటాళ్ళ కాయ ఆడును. క్వింటాలు కాయకు 28 కిలోల నూనె, 40 కిలోల చెక్క దిగును. నూనె కిలో రూ. 260, చెక్క కిలో రూ. 40 చొప్పున క్వింటాలు కాయపై వచ్చునది రూ. 8,880. కాయ ధర క్వింటాలు రూ. 7,000. కూలి, కరెంటు, అద్దె కలిసి నెలకు రూ. 25,000.

నెలకు అమ్మకము రూ. 2,66,400. అందులో ఆడిన కాయ వెల రూ. 2,10,000, నిర్వహణ రూ. 25,000, వాయిదా రూ. 19,929 పోగా రూ. 11,471 మిగులును. సంవత్సరమునకు రూ. 1,37,652. ఇది చూచి ఎవరైనను గానుగ పెట్టవలసినదే యందురు.

ఇప్పుడు ఇదే లెక్కను నెలలవారీగా వ్రాయుదము. పంట కాలమున కాయ చౌకగా దొరకునని సంవత్సరమునకు వలసిన 360 క్వింటాళ్ళను నవంబరు, డిసెంబరు, జనవరి నెలలలో 120 చొప్పున కొనిరనుకొనుడు. ఆ మూడు నెలలలో ప్రతినెల కాయకే రూ. 8,40,000 కావలెను. అమ్మకపు పైకమునుండి నిర్వహణ, వాయిదా పోగా మిగులు రూ. 2,21,471 దానికి ఏ మూలకును చాలదు. నవంబరు ఆఖరున లోటు రూ. 6,18,529, డిసెంబరు ఆఖరున రూ. 12,37,058, జనవరి ఆఖరున రూ. 18,55,587. ఆ తరువాత కొనుగోలు లేనందున లోటు నెలనెలకు తగ్గి, అక్టోబరు ఆఖరునకు గాని ఆ రూ. 1,37,652 నిలువ కనబడదు.

కనుక ఈ సంఘమునకు కావలసినది ఆరు లక్షల అప్పు మాత్రమే కాదు. జనవరి నాటికి మరి పద్దెనిమిదిన్నర లక్షల చేతిపెట్టుబడి. దానికి కూడ ప్రతి నెలాఖరు లోటుపై నూటికి రూపాయి చొప్పున, వడ్డీపై వడ్డీ లేకుండ కట్టినను, సంవత్సరమునకు రూ. 1,05,829 అగును. మిగులు రూ. 31,823కు దిగిపోవును. సంవత్సరపు లెక్క అబద్ధము చెప్పలేదు. ఈ సంగతి అందులో లేదు, అంతియే.

సగము కాయ మాత్రమే పంట కాలమున కొన్నచో? మొదటి మూడు నెలలలో 60 క్వింటాళ్ళ చొప్పున 180 క్వింటాళ్ళు కొనిన, అది ఏప్రిల్ వరకు వచ్చును. మే మొదలు అక్టోబరు వరకు నెలకు 30 చొప్పున, క్వింటాలు రూ. 7,300కు కొనవలసి వచ్చినదనుకొందము. కాయపై రూ. 54,000 అదనపు ఖర్చు. అయినను అత్యధిక లోటు జనవరిలో రూ. 5,95,587కే ఆగును, వడ్డీ రూ. 17,179 మాత్రమే, మిగులు రూ. 66,473. కాయ ప్రియముగా కొనినను మిగులు రెండింతలకు మించినది! చౌకగా దొరకునప్పుడే అంతయు కొని పెట్టుకొనవలెనన్న మన అలవాటునకు ఇది విరుద్ధముగా తోచును. అప్పు తెచ్చిన పైకముతో కొనువారికి చౌక వేరు, స్వంత పైకముతో కొనువారికి చౌక వేరు. మే తరువాతి ధర ఇంచుమించు రూ. 7,490 దాటనంతవరకు రెండవ పద్ధతియే మేలు.

ఇట్టి ప్రశ్నలకు కాగితముపై జవాబు చెప్పవలెనన్న ఒక్క ధర మారినప్పుడెల్ల పన్నెండు నెలల అంకెలు చెరిపి మరల వ్రాయవలెను. 1978లో అమెరికాలోని హార్వర్డు బిజినెస్ స్కూలు విద్యార్థి డాన్ బ్రిక్లిన్‌కు ఈ ఇబ్బందియే ఆలోచన కలిగించినది. నల్లబల్లపై ఒక అంకె మార్చగానే మిగిలినవి వాటంతట అవియే మారు బల్ల యుండిన బాగుండునని ఆయన తలచెను. మిత్రుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి 1979లో విజికాల్క్ అను కార్యక్రమమును వెలువరించెను. నేటి ఎక్సెల్, గూగుల్ షీట్స్, లిబ్రెఆఫీస్ కాల్క్ ఆ వంశములోనివే. గళ్ళ కాగితము వంటి తెరపై ప్రతి గడికి ఒక చిరునామా యుండును. గడిలో అంకె యైనను వ్రాయవచ్చును, ఇతర గళ్ళను వాడుకొను సూత్రమైనను వ్రాయవచ్చును. 1984లో రద్దగువరకు మన గ్రామ కరణములు చిట్టా వేరుగా, తేరీజు వేరుగా వ్రాసియుంచిన పద్ధతి తెలిసినవారికి ఇది కొత్త విద్య కాదు.

పాత పద్ధతిలో ఒక నెలకు సూత్రము వ్రాసి దానిని మిగిలిన నెలల గళ్ళలోనికి లాగుదురు. ముప్పదియారు నెలలకు పది వరుసలైన మూడువందల అరువది సూత్రములు. ఎవరైనను నడుమ ఒక గడిలో సూత్రము తీసి అంకె కొట్టినచో పైకి ఏమియు తెలియదు. 2018లో మైక్రోసాఫ్ట్ సంస్థ ప్రకటించిన 'డైనమిక్ అరే' ఏర్పాటుతో ఇది మారినది. ఇప్పుడు ఒకే గడిలో ఒకే సూత్రము వ్రాసిన, దాని ఫలితములు ప్రక్క గళ్ళలోనికి వాటంతట అవియే పరచుకొనును. సూత్రములను తెరపై ఇంగ్లీషు అక్షరములలోనే టైపు చేయవలెను. ఇక్కడ వాటి పేర్లను తెలుగులో చెప్పుచున్నాము.

మొదట అంచనాల పత్రము వేయవలెను. ధరలు, దిగుబడి, వడ్డీ, వాయిదాల సంఖ్య, నిర్వహణ వ్యయము ఒక్కొక్కటి ఒక్కొక్క గడిలో, ప్రక్కన దాని కొలత (క్వింటాలుకు రూపాయలు, నెలకు రూపాయలు) తోడను, ఆ అంకె ఎవరు చెప్పినదో తోడను వ్రాయవలెను. ప్రతి అంచనా ఈ పత్రములో ఒక్కచోటనే యుండవలెను. సూత్రములలో ఎక్కడను 260 అనియో 7,000 అనియో అంకె కనబడరాదు. ఈ నియమమునకు కొత్త సూత్రములతో పని లేదు, కాని దీనిని పాటింపనిచో కొత్త సూత్రములన్నియు కలిసినను ఉపయోగము లేదు.

వాయిదా కట్టుటకు పి.ఎమ్.టి. అను పాత సూత్రమే చాలును. నెలల వరుసకు సీక్వెన్స్: పన్నెండని చెప్పిన ఒకటి మొదలు పన్నెండు వరకు అంకెలు పరచును, ముప్పదియారని మార్చిన ముప్పదియారు పరచును.

కొనుగోలు పద్ధతులకు వేరొక చిన్న పట్టిక వేయవలెను. ఒక్కొక్క అడ్డు వరుసకు ముందు పద్ధతి పేరు, 'మొత్తము పంట కాలమున' అనియో, 'సగము పంట కాలమున' అనియో. దాని ప్రక్క పన్నెండు నెలల క్వింటాళ్ళు. ఎక్స్‌లుకప్ అను సూత్రమునకు పద్ధతి పేరిచ్చినచో ఆ వరుసలోని పన్నెండు అంకెలను ఒక్కసారిగా తెచ్చి పెట్టును. ధరలకు కూడ ఇట్లే. సమావేశములో ఒకరు మూడవ పద్ధతి చెప్పినచో పట్టికలో ఒక వరుస చేర్చుటయే. సూత్రముల జోలికి పోనక్కరలేదు.

ప్రతి నెల నికరము, అనగా అమ్మకమునుండి కాయ వెల, నిర్వహణ, వాయిదా తీసివేసిన అంకె, పొడవైన సూత్రమగును. ఇట్టిచోట లెట్ అక్కరకు వచ్చును. సూత్రము లోపలనే 'అమ్మకము ఇది, కాయ వెల ఇది, నిర్వహణ ఇది' అని పేర్లు పెట్టి, చివర 'అమ్మకమునుండి ఇవి తీసివేయుము' అని చెప్పవచ్చును. ఆరు నెలల తరువాత లెక్కలు వ్రాయు అమ్మాయి మారినను, వచ్చినవారు చదివి గ్రహింపగలరు. నా దృష్టిలో కొత్త సూత్రములన్నిటిలో గ్రామ సంఘములకు ఎక్కువ మేలు చేయునది ఇదియే.

నిలువ కట్టుటకు స్కాన్. ఇది చిట్టా వ్రాయు పద్ధతియే: ముందటి నిలువకు ఈ నెల నికరము కలుపుము, వచ్చినది వ్రాయుము, దానికి తరువాతి నెలది కలుపుము. సూత్రము చదువుటకు ఇట్లుండును: స్కాన్(0, నికరములు, లాంబ్డా(ముందు, ఇప్పుడు, ముందు + ఇప్పుడు)). మొదటి సున్న ఆరంభ నిలువ. సంఘము వద్ద స్వంత పైకమున్నచో అంచనాల పత్రమునుండి ఆ గడిని ఇక్కడ చూపవలెను. లాంబ్డా యనునది 'ఈ పని చేయుము' అని మనము స్వయముగా చెప్పుకొను చిన్న సూత్రము. దీని ఫలితముపై మిన్ వేసిన అత్యల్ప నిలువ తెలియును. మన ఉదాహరణములో జనవరి లోటు రూ. 18,55,587 అట్లు ఒక్క గడిలో కండ్లకు కట్టును. ఇఫ్ సూత్రముతో సున్నకు దిగువనున్న నిలువలను మాత్రము ఏరి, నెల వడ్డీతో గుణించి కూడిన చేతిపెట్టుబడి వడ్డీ వచ్చును.

కాయ నిల్వకు కూడ స్కాన్ వేయుట మరువరాదు. పైకపు లెక్క చక్కగానున్నను ఏదో ఒక నెలలో గానుగకు కాయ లేనిచో ఆ నెల అమ్మకము కాగితముపైనే మిగులును. మొదట కాయ నిల్వ, తరువాత పైకపు నిలువ చూడవలెను. వీటి క్రింద సరిచూపు గడి యొకటి: పన్నెండు నికరముల మొత్తము, ఆరంభ నిలువ కలిపిన, చివరి నిలువకు సమానమైనదా లేదా. కానిచో ఎక్కడనో ఎవరో గడి చెరిపిరన్నమాట. ఫలితములు పరచుకొనవలసిన చోట ఏదేని వ్రాత అడ్డముండిన ఎక్సెల్ 'స్పిల్' అను తప్పు చూపును. అడ్డమున్నది తీసివేసిన సరిపోవును.

ఈ జాగ్రత్త పల్లెవారికే కావలసినదని తలపరాదు. 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అను ప్రసిద్ధ ఆర్థికశాస్త్రజ్ఞులు, ప్రభుత్వపు అప్పు జాతీయోత్పత్తిలో 90 శాతము దాటిన దేశములలో సగటు వృద్ధి మైనస్ 0.1 శాతమని ప్రకటించిరి. పెక్కు దేశముల రాజకీయవేత్తలు దానిని ఉదహరించిరి. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి థామస్ హెర్న్‌డన్, ఆయన అధ్యాపకులు మైకేల్ యాష్, రాబర్ట్ పోలిన్ ఆ స్ప్రెడ్‌షీటును తెప్పించి చూడగా, సగటు కట్టిన సూత్రములో చివరి ఐదు దేశముల వరుసలు చేరలేదని తేలినది. మరికొన్ని వివరములను ఏరిన తీరుపైనను, సగటు కట్టిన తీరుపైనను ఆక్షేపణలుండెను. అన్నియు సరిచేసిన సగటు 2.2 శాతమని వారు చెప్పిరి. ఎంత వరకు కూడవలెనో మనిషి చేతితో గీత గీసిన చోట జరిగిన పొరపాటది. పరచుకొన్న ఫలితమంతటిని ఒక్కటిగా సూచించినచో ఇట్టి పొరపాటునకు చోటు తగ్గును, బొత్తిగా లేకపోదు.

మరల మన గానుగకు వత్తము. పై లెక్కలో కాయ ధర రూ. 7,000 అనుకొంటిమి. 2025-26 సంవత్సరమునకు వేరుశనగకు కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన కనీస మద్దతు ధర క్వింటాలుకు రూ. 7,263. కాయ పండించువారు కూడ ఆ సంఘ సభ్యుల ఇండ్లవారే కదా. వారికి మద్దతు ధర యైనను ఇయ్యక నడుచు గానుగ ఎవరి మేలునకు? అంచనాల పత్రములో ఆ ఒక్క గడి మార్చిన, అంతయు పంట కాలమున కొను పద్ధతిలో మిగులు పోయి రూ. 72,325 నష్టము కనబడును. సగము కొను పద్ధతిలో, తరువాతి ధర కూడ అంతే పెరిగినదనుకొన్న, నష్టము రూ. 30,269. ఇక నూనె ధర గడిలో 260 తీసి 270 వ్రాసిన రెండు పద్ధతులలోను నష్టము పోయి మిగులు వచ్చును. ఏలయన సంవత్సరమున అమ్మునది 10,080 కిలోలు, కిలోకు పది రూపాయలన్న లక్షా ఎనిమిదివందలు. రైతుకు మద్దతు ధర ఇచ్చుటయా లేదా అను పెద్ద ప్రశ్న చివరకు కొనువారు కిలోకు పది రూపాయలు ఎక్కువ ఇత్తురా అను చిన్న ప్రశ్నగా మారినది.

ఆ ప్రశ్నకు జవాబు స్ప్రెడ్‌షీటులో దొరకదు. నెలకు 840 కిలోల నూనె, అనగా రోజుకు 28 కిలోలు. హోటళ్ళవారు సామాన్యముగా చౌక నూనెనే కోరుదురు. గానుగ నూనె కోరువారు ఇండ్లవారు, తిరుగు ప్రయాణములో సీసా కొనిపోవు యాత్రికులు. ఎవరు ఎంత కొందురో సభ్యులు అంగడి వీధిలో తిరిగి అడిగి, ఆ అంకెనే అంచనాల పత్రములో వేయవలెను.

అంచనాలు మారుట ఈ ప్రాంతమునకు అలవాటే. వాన లేని ఏట స్థానిక కాయ దొరకక దూరమునుండి తెప్పించవలెను. ధరతోబాటు బండి కిరాయి కూడ చేరును. కాలువ క్రింది పంటకును పూర్తి భరవసా లేదు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర జలాశయపు 19వ గేటు కొట్టుకొనిపోయినప్పుడు దిగువ కాలువ క్రింది రైతుల ధీమా ఒక్క రాత్రిలో సడలినది. కనుక ధరల పట్టికలో మంచి యేడు, సామాన్యపు యేడు, కరవు యేడు అని మూడు వరుసలుంచి, కరవు వరుసతో వచ్చిన అత్యల్ప నిలువను చూచిన పిమ్మటనే అప్పు మొత్తమును నిర్ణయించుట మంచిది. ఏ ధర వద్ద మిగులు సున్న యగునో కనుగొనుటకు ఎక్సెల్, లిబ్రెఆఫీసులలో 'గోల్ సీక్' అను ఏర్పాటున్నది.

ఏ కూర్పులో ఏ సూత్రములు కలవో చూచుకొనవలెను. సీక్వెన్స్, లెట్, ఎక్స్‌లుకప్ ఎక్సెల్ 2021లో కలవు. లాంబ్డా, స్కాన్‌లకు ఎక్సెల్ 2024 గాని, చందా పద్ధతిలో దొరకు కూర్పు గాని కావలెను. గూగుల్ షీట్స్‌లో ఇవన్నియు వెల లేకుండ దొరకును, కాని ఇంటర్నెట్ ఉండవలెను. ఉచితముగా లభించు లిబ్రెఆఫీస్ 2024 ఆగస్టునాటి 24.8 కూర్పులో సీక్వెన్స్, లెట్, ఎక్స్‌లుకప్ చేరినవి. స్కాన్ లేనివారు నిలువ వరుసను మాత్రము పాత పద్ధతిలో, పై గడికి ప్రక్క గడి కలుపుచు, నెలనెలకు లాగవచ్చును. లెక్క మారదు.

సంతకములకు ముందు అంచనాల పత్రమును తెలుగులో అచ్చు తీసి సమావేశములో చదివి వినిపించవలెను. కాయ కొనినవారికి కాయ ధర తెలియును, గానుగ చూచినవారికి దిగుబడి తెలియును. తప్పు అంకె వినబడగానే పట్టుకొందురు. గానుగ మొదలైన పిమ్మట అంచనా వరుస క్రింద అసలు అంకెల వరుస నొకటి చేర్చి, నెలాఖరున పూర్తిచేయుచు పోవలెను. నవంబరులో దిగుబడి 28 కిలోలకు బదులు 26 దిగినచో ఆ సంగతి డిసెంబరు కాయ కొనుటకు ముందే తెలియును.